ఎర్రసిరాతో రాసిన మోతాదు

గత గురువారం ఉదయం కర్నూలు పాతబస్టాండు దగ్గర నా మందుల అంగడిలో ఒక కంపెనీ ప్రతినిధితో ఘోరమైన బేరంలో మునిగి ఉన్నాను. పది పెట్టెలకు ఒకటి ఉచితమని అతను, ఎనిమిదికే ఇమ్మని నేను. గెలుపు నా వైపే మొగ్గుతున్న ఆ క్షణంలో ఫోను మోగింది. అవతల లక్ష్మీదేవమ్మ, హుసేనప్ప సారు భార్య.

"అన్నా, సారు లేడన్నా. పొద్దున కాఫీ అడిగినాడు. లోపలికి పోయి తెచ్చేలోపల కుర్చీలోనే ఒరిగిపోయినాడు."

ఫోను పెట్టేసి ఎదుటివాడితో, "సరే నాయనా, నీ మాటే కానీ" అన్నాను. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో అవతలివాడి ధరకు నేను తల ఊపడం అదే మొదలు. ఆ ప్రతినిధి జడుసుకుని, "ఒంట్లో బాగుందా సార్?" అని మంచినీళ్ళ సీసా అందించాడు.

ఆచార్య హుసేనప్పగారి మరణం వైద్యలోకానికి పెద్దవార్త కాకపోవచ్చు. ఆయన వైద్యుడు కాడు. మొదట కడపలో, తరువాత కర్నూలులో ఆసుపత్రి ఫార్మసిస్టుగా, చివరి నాలుగేళ్ళు ఒక ప్రైవేటు ఫార్మసీ కళాశాలలో అధ్యాపకుడిగా జీవితం గడిపిన నిరాడంబరుడు. ముక్కు పక్కన ఎముకల్లో ఉండే సైనస్ గదులకు బూజు పడితే, దాన్ని చంపే మందు మనిషి మూత్రపిండాలను చంపకుండా ఎలా చేర్చాలన్నది ఆయన అంతిమ తపస్సు. ఆ తపస్సు ఎక్కడ, ఎవరివల్ల మొదలైందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆ సాయంత్రమే డోన్ నుంచి మా బావ, అక్క భర్త, వచ్చాడు. అక్కడ ఆయనది కిరాణా అంగడి. పోయినది ఎవరని అడిగాడు, చెప్పాను.

"ఎవురు, ఆసుపత్రిలో మందు లెక్కగట్టినోడా? మీ అక్కను డయాలసిస్ మిషన్ పాలు జేసినోడే గదా? పోయినాడా? పోనీలే, దేవుడుండాడు."

కడుతున్న మూటకు ఇంకో ముడి వేశాను. బావ మాట అబద్ధమని ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆ ఉదయమే వెళ్ళిపోయారు. రెండోవాడు మూటకు ముడులు వేస్తూ నిలబడ్డాడు.

మరునాడు కళాశాలవారు సంస్మరణ సంచిక వేస్తున్నామని, ఒక వ్యాసం కావాలని లక్ష్మీదేవమ్మతో అన్నారట. ఆమె నాకు కబురు చేసింది. "ఆయనకు స్నేహితుడంటే నువ్వొక్కడివే గదన్నా. నువ్వే రాయాల." దివంగతుల సద్గుణాలు కీర్తించడం ఇలాంటి వ్యాసాలకు ధర్మం. హుసేనప్ప సారు సద్గుణాల్లో అత్యుత్తమమైనదాన్ని నా నీచత్వం చెప్పకుండా చెప్పే దారి ఉందేమోనని మూడు రోజులు వెతికాను. తక్కువలో పని జరిగే దారి ఎక్కడున్నా పసిగట్టగల నాకు అది దొరకలేదు.

ఆయనది కోడుమూరు పక్క పల్లె. హుసేనప్ప అనే పేరు చూసి హైదరాబాదు సదస్సుల్లో కొందరు ఆయన మతమేదో తేల్చుకోలేక తికమకపడేవారు. మా పడమటి కర్నూలువారికి ఆ చిక్కు లేదు. దర్గాకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టి, ఆ బిడ్డకే అహోబిలంలో పుట్టువెంట్రుకలు తీయించే ఇళ్ళు మాకు ఊరూరా ఉన్నాయి. తండ్రిది వానదేవుడి మీద ఆధారపడిన మెట్టసేద్యం. తల్లి మిరపనారు నాటిన రోజుల్లో దూరపు బావి నుంచి కడవతో నీళ్ళు మోసి, ఒక్కో మొక్క మొదట్లో ఒక్కో చెంబు పోసేదట. "చేనంతా చల్లితే కలుపు తాగుతాది, మొదట్లో పోస్తే మొక్క తాగుతాది" అని ఆమె మాట. తాను చదివిన ఔషధశాస్త్రమంతా తన తల్లి చెంబులో ఉన్నదానికి వ్యాఖ్యానమే అని సారు అనేవారు. విద్యార్థులు అది వినయమనుకునేవారు. ఆయన మాత్రం ఉన్నమాటే చెప్పేవారు.

ఆయనతో నా తొలి పరిచయం ఒక భంగపాటు. ఆసుపత్రికి అత్యవసరమైన సామాను ఏదో తక్కువపడి స్వయంగా నా అంగడికి వచ్చారు. సామాను కట్టి ఇచ్చి, పైన ఒక ప్లాస్టరు చుట్ట పెట్టాను. మా తాతది ధాన్యం అంగడి. కొలిచి పోసిన తరువాత పైన ఒక పిడికెడు వేస్తేనే కొన్నవాడి మనసు నిండుతుందని, నేలమీద గింజ పడితే లక్ష్మి కంటతడి పెడుతుందని చెప్పి మమ్మల్ని పెంచాడు. ఇచ్చేటప్పుడు కొసరు వేయడం, కొనేటప్పుడు కొసరు అడగడం, దేన్నీ పారబోయకపోవడం, ఈ మూడే మాకు వేదాలు. సారు ఆ ప్లాస్టరు చుట్టను తీసి బల్లమీద పెట్టారు.

"ఇదేంది శెట్టీ?"

"కొసరు సార్. మా తాత కాలంనాటి అలవాటు."

"బియ్యానికి ఎయ్యి, చక్కెరకు ఎయ్యి, పున్నెమొస్తాది. మందుల అంగట్లో కొసరు మాటెత్తొద్దు. ఈడ కొలతకు ఇవతల రోగముండాది, అవతల విషముండాది. మధ్యలో శానా సన్న గట్టు."

అన్నంత సులువుగా నవ్వి వెళ్ళిపోయారు. ఆ మాట నాకు నచ్చి, నా అంగడికి వచ్చిన ప్రతివాడికీ నా సొంత మాటలా చెప్పుకున్నాను. చెప్పుకోవడం వేరు, నమ్మడం వేరు అని అప్పుడు తెలియదు.

కరోనా రెండోసారి ఊళ్ళమీద పడి వెళ్ళిన వేసవి అది. మా అక్క నాగరత్నమ్మ ఆ జబ్బునుంచి బయటపడింది. ఆమెకు ఎన్నో ఏళ్ళుగా చక్కెరవ్యాధి. ఊపిరి నిలపడానికి ఇచ్చిన స్టెరాయిడ్లతో చక్కెర ఇంకా పెరిగింది. పదిరోజులకు చెంప లాగుతోందన్నది, పైపళ్ళు కదులుతున్నాయన్నది. తరువాత కన్ను వాచింది. ముక్కులోంచి నల్లటి చెక్కు రాలింది. కర్నూలు ఆసుపత్రిలో చూసి, సైనస్ గదుల్లో నల్ల బూజు పట్టిందన్నారు. మా అక్క అంత నొప్పిలోనూ నన్ను దగ్గరికి పిలిచి, "ఒరే సుబ్బయ్యా, బూజు పట్టడానికి నేనేమన్నా మూత పెట్టని ఊరగాయ జాడీనా? ఎవురన్నా తడిగంటె పెట్టినారేమో కనుక్కో" అన్నది.

వైద్యులు శస్త్రచికిత్స చేసి ఆ గదులను గీకి శుభ్రం చేశారు. మిగిలిన బూజును చంపడానికి ఆంఫోటెరిసిన్ అనే మందు నరంలోకి ఎక్కించాలి. అందులో రెండు రకాలు. కొవ్వు తొడుగు తొడిగినది ఒకటి, అది మూత్రపిండాలను కొంత కనికరిస్తుంది. తొడుగు లేనిది పాతరకం, దానికి కనికరం తక్కువ. ఆ వేసవిలో మొదటిది దేశంలో ఎక్కడా దొరకలేదు. నేను బళ్ళారి, హైదరాబాదు, బెంగళూరు, తెలిసిన ప్రతి వ్యాపారికీ ఫోను చేసి, బతిమాలి, బెదిరించి, పాతరకం సీసాలు సంపాదించాను. ఆ విజయానికి నాకు ఎంత గర్వమంటే, వార్డులో మంచినీళ్ళు తాగడానికి వచ్చినవాడికి కూడా ఆ కథ చెప్పాను.

ఆ వార్డు మందులకు బాధ్యుడు హుసేనప్ప సారు. ప్రతి ఉదయం అక్క బరువు, ముందురోజు రక్తపరీక్ష చూసి, ఎంత మందు తీయాలో ఎర్రసిరాతో చిన్న చీటీ రాసి సీసాకు రబ్బరుబ్యాండుతో బిగించేవారు. అడుగున ఎప్పుడూ ఒకే వాక్యం: మిగిలింది పారబోయవలెను. మా అక్క సన్నపాటి మనిషి. సీసాలో ప్రతిరోజూ కొంత మిగిలేది. పసుపుపచ్చటి ఆ నీటిని నర్సు తొట్టిలో పోసేది. గింజ పడితే లక్ష్మి ఏడుస్తుందని విని పెరిగిన నా ప్రాణం విలవిలలాడేది.

"సార్, ఇంత కష్టపడి తెస్తే తొట్టి పాలా?" అని అడిగాను.

"తొట్టి పాలైతేనే మీ అక్క దక్కుతాది. ఇది బూజునూ తింటాది, మూత్రపిండాన్నీ తింటాది. ముందు ఎవుర్ని తినాలనేది మోతాదు చెప్తాది."

"ఇంకొంచెం పడితే బూజు తొందరగా సస్తాది గదా సార్?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "శెట్టీ, బేరం నాతో ఆడు, కంపెనీతో ఆడు. మూత్రపిండంతో ఆడొద్దు. అది నోరులేనిది. అడిగినంతా ఇచ్చేస్తాది, ఇచ్చేసి ఒకరోజు చెప్పకుండా అంగడి మూసేస్తాది."

నేను తల ఊపాను. తల ఊపడం మా వృత్తిలో ఒప్పుకోలు కాదు, అవకాశం కోసం ఎదురుచూపు.

నాలుగోరోజు అక్క కన్ను ఇంకా వాచే ఉంది. మందు ఎక్కేటప్పుడు కర్నూలు ఎండలో రెండు దుప్పట్లు కప్పినా మంచం కదిలేలా వణికింది. ఇంత బాధపడుతున్నా బూజు చావడం లేదంటే మందు చాలడం లేదనే నా వ్యాపారబుద్ధి లెక్క తేల్చింది. సారు వేరే వార్డులో ఉన్నారు. నర్సు రెండుపూటల పనిచేసి నిలబడే తూలుతోంది. సీసా ఆమె చేతికిచ్చి, "ఈరోజు నుంచి సీసా మొత్తం ఎక్కించమని సారు చెప్పినారమ్మా" అన్నాను.

"చీటీలో అట్ల లేదే అన్నా?"

"ఇప్పుడే ఫోనులో చెప్పినారు."

ఊళ్ళో పెద్ద మందుల అంగడివాణ్ణి, తల నెరిసినవాణ్ణి. ఆమె నమ్మింది. కేసుషీటులో సారు పేరు రాసి, ఆయన మాట ప్రకారం పూర్తి సీసా అని రాసింది. తరువాతి ఐదు రోజులూ అదే సాగింది. ఉదయం వచ్చిన ఎర్ర చీటీని నేనే సీసామీదనుంచి తీసి జేబులో వేసుకునేవాణ్ణి. పిడికెడు మందు అదనంగా అక్కకు దక్కిందని మనసులో ఎంత తృప్తిగా ఉండేదో ఇప్పుడు రాయడానికి చేయి రావడం లేదు.

కేసుషీటు వైద్యులది, సారు చూసేది బరువు, రక్తపరీక్ష కాగితాలే. ఆ పరీక్షలో మూత్రపిండాల సంగతి చెప్పే అంకె కొంచెం కొంచెం ఎక్కుతుంటే సారు చీటీలో మోతాదు తగ్గిస్తూ వచ్చారు. తగ్గించినకొద్దీ సీసాలో మిగలవలసింది పెరిగింది. అంటే నేను వేసిన కొసరూ పెరిగింది. పూర్తి సీసా మొదలైన ఆరోరోజుకు అక్కకు మూత్రం ఆగిపోయింది.

సారు పరుగున వచ్చి కేసుషీటు తెరిచారు. పరాయి చేతిరాతలో తన పేరు చూశారు. తొట్టి పక్కన పడి ఉన్న సీసాను తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు. చుక్క లేదు. ఆ సీసా పట్టుకునే నా వైపు తిరిగారు. కోపం ఉంటే తట్టుకునేవాణ్ణి. పరీక్షలో తప్పిన విద్యార్థిని కాదు, తప్పిన ప్రశ్నను చూసినట్టు చూశారు.

మధ్యాహ్నం వైద్యుల గదిలో విచారణ. మా బావ బల్ల గుద్ది అరుస్తున్నాడు. "మా ఇంటామె నడిచి వచ్చింది సార్ ఆసుపత్రికి. ఎవుడు చెప్పినాడు అంత మందు ఎక్కించమని?" నర్సు ఏడుస్తూ, "హుసేనప్ప సారు ఫోనులో చెప్పినారని ఈ అన్న చెప్పినాడు" అని నన్ను చూపింది. పెద్ద వైద్యుడు సారు వైపు తిరిగాడు. "ఏమప్పా హుసేనప్పా, నువ్వు చెప్పినావా?"

ఆయన నా వైపు ఒక్కసారి చూశారు. నేను పైకప్పు పంకాను పరిశీలిస్తున్నాను.

"కాగితంమీద నా పేరుండాది సార్. బాధ్యత నాది" అన్నారు.

చెప్పానని అనలేదు. ఆ ఒక్క అబద్ధం కూడా ఆడకుండా నేరమంతా నెత్తిన వేసుకున్నారు. మాటను కూడా అంత కొలిచి వాడే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆసుపత్రి మెట్లమీద ఆయన వెంటపడ్డాను. "ఎందుకట్ల అన్నారు సార్?"

"రేపటి నుంచి మీ అక్కకు వారానికి రెండు దినాలు డయాలసిస్ పెట్టాల. డోన్ నుంచి తోలుకొచ్చేదెవురు? పక్కన కూర్చునేదెవురు? నువ్వే. నీ మొగం చూసినప్పుడల్లా ఆమెకు ఇది గుర్తుకొస్తే ఇంగ రాదు. నాకు ఇంకో ఉద్యోగం దొరుకుతాది. ఆమెకు ఇంకో తమ్ముడు యాడ దొరుకుతాడు?"

"నావల్లే గదా సార్?"

"అది నాకు తెలీదు. ఆ మందు కొలిచి పోసినా కొందరికి ఇట్లయితాది. ఎంత మందుదో, ఎంత రోగానిదో, ఎంత నీదో తూచే త్రాసు లేదప్పా. లేదని చెప్పి నిన్ను వదిలిపెట్టను, ఉందని చెప్పి నిన్ను సంపను." రెండు మెట్లు దిగి ఆగారు. "ఆమె ఉన్నన్నాళ్ళు నీ కడుపులో పెట్టుకో. ఆ తర్వాత నీ ఇష్టం."

ఆయన్ను వార్డునుంచి తప్పించారు. కొన్ని నెలలకు ఆయనే ఉద్యోగం వదిలి కళాశాలలో చేరారు. అక్కడికీ ఆ కథ ముందే చేరింది. మోతాదులు బోధించే మనిషి మోతాదు తప్పాడని కుర్రవాళ్ళు వెనక గుసగుసలాడుకునేవారు. ఆయన వినీ విననట్టు నల్లబల్ల తుడిచి పాఠం మొదలుపెట్టేవారు.

కళాశాలలో ఒక మూలగదిలో ఆయన ఆరంభించినదే, నేను ముందు చెప్పిన తపస్సు: బూజును సైనస్‌లోనే చంపే ఒక లేపనం. మందు కణాలకు కొవ్వు తొడుగు వేసి ఒక ద్రవంలో కలుపుతారు. చల్లగా ఉన్నంతసేపు అది నీళ్ళలా పారుతుంది. ముక్కులోకి వెళ్ళి ఒంటివేడి తగలగానే పెరుగులా తోడుకుంటుంది. ముక్కు లోపలి సన్నని నూగు ఏ పదార్థాన్నైనా క్షణాల్లో గొంతులోకి ఊడ్చేస్తుంది. ఈ లేపనం ఆ ఊడ్పుకు లొంగకుండా సైనస్ గోడను పట్టుకుని, మందును కొంచెం కొంచెంగా అక్కడే విడవాలి. నెత్తురులోకి పోకూడదు. "రోగమున్న ఇంటి తలుపు తట్టండి, ఊరంతా దండోరా వేయొద్దు" అని ఆయన విద్యార్థులకు చెప్పిన మాట ఆ గది తలుపుమీద ఇప్పటికీ అంటించి ఉంది.

పరీక్షించడానికి మేక ముక్కు లోపలి పొర కావాలి. మాంసం అంగడిలో సారు మొహమాటపడి, వాళ్ళు అడిగినంతా ఇచ్చి వస్తున్నారని తెలిసి నేను వెంట వెళ్ళాను. కోడిగుడ్డు కూడా గడప దాటని ఇంట్లో పుట్టినవాణ్ణి, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని ఆ అంగడి ఖాజాభాయ్‌తో బేరానికి దిగాను.

"భాయ్, ముక్కు లోపలి పొర ఒకటే కావాల. తలకాయ మాకొద్దు."

"క్యా సేటూ! ముక్కు లేని తలకాయ ఎవురు కొంటారు? నీ పెండ్లిలో ముక్కు లేని పిల్లను పీటలమీద కూర్చోపెడితే తాళి కడ్తివా నువ్వు?"

"పులుసులో పడినాక ముక్కు యాడుండాదో ఎవురు చూస్తారు భాయ్?"

"తినేటోనికి తెలుస్తాది. నీకేం తెలుసు, నువ్వు పప్పు తినేటోనివి!"

సారు పక్కకు తిరిగి భుజాలు అదిరేలా నవ్వారు. ఆసుపత్రి వదిలాక ఆయన అంతగా నవ్వడం అదొక్కసారే చూశాను. చివరికి తలను నిలువునా చీల్చి, పొర మాకు ఒలిచి ఇచ్చి, తలకాయను ఖాజాభాయే అమ్ముకునేలా ఒప్పందమైంది. శెట్టి మాంసం అంగడిలో బేరమాడుతున్నాడని ఊళ్ళో పాకి, మా కులపెద్ద ఒకాయన ఇంటికి వచ్చి నా ఆరోగ్యం గురించి మా ఆవిడను మెల్లగా విచారించాడు.

ఆ పొరను చిన్న గాజుపాత్ర మూతికి బిగించి, పైన లేపనం పోసి, అడుగుకు ఎంత మందు దాటిందో గంటగంటకూ చూసేవారు. దాటింది తక్కువైనకొద్దీ ఆయన ముఖం వెలిగేది. ఒకసారి ఒక పత్రికా విలేకరి వచ్చి, నల్ల బూజుకు కర్నూలు మందు అని రాస్తానన్నాడు. "ఇంగా మేక ముక్కు దాటలేదు నాయనా. ఇది వచ్చినా కత్తీ ఉండాలా, సూదీ ఉండాలా. సూది పని కొంచెం తగ్గిస్తే శానా" అని టీ ఇచ్చి పంపేశారు. ఒక విద్యార్థిని ఫలితాలు మరీ బాగున్నాయని పరుగున వస్తే, "బాగుండాయా? అయితే ఇంకోసారి చెయ్యమ్మా" అన్నారు. ఆమె మళ్ళీ చేసింది. అంత బాగా రాలేదు. ఆయన రెండో ఫలితాన్నే పుస్తకంలో ముందు రాయించారు.

ఆ గదిలో నేను ఎన్ని సాయంకాలాలు కూర్చున్నానో. గాజుపాత్రలోని పసుపురంగు చూసినప్పుడల్లా నాకు తొట్టి పక్కన పడిన ఖాళీ సీసా కనిపించేది. ఆయనకేం కనిపించేదో అడిగే ధైర్యం చేయలేదు.

మా అక్క రెండేళ్ళు బతికింది. వారానికి రెండుసార్లు డోన్ నుంచి నేనే తీసుకొచ్చి మిషన్ పక్కన కూర్చున్నాను. ఒకనాడు కళ్ళు మూసుకునే అన్నది: "ఆ మందాయన్ని తిట్టొద్దని మీ బావకు చెప్పురా. ఎవురన్నా కావాలని చేస్తారా? ఆయనకూ ఒక తోబుట్టువు ఉంటాది." నేను కిటికీవైపు తిరిగాను. ఆ తరువాత నాలుగు నెలలకు ఆమె వెళ్ళిపోయింది.

కర్మలన్నీ ముగిశాక సారు నా అంగడికి వచ్చారు. ఆయన ఇచ్చిన గడువు తీరిందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇప్పుడు అడుగుతారు, ఈ మాట తరువాత అడుగుతారు అని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. ఆయన టీ తాగారు, లేపనం చిక్కదనం గురించి చెప్పారు, గొడుగు తీసుకుని లేచారు. మెట్టు దిగేముందు వెనక్కి తిరిగి, "ఇంకేం శెట్టీ?" అన్నారు.

"ఏముంది సార్" అన్నాను.

ఆ తరువాత రెండేళ్ళూ వచ్చిన ప్రతిసారీ అంతే. నిలదీయలేదు, గుర్తుచేయలేదు, ముఖం ముడుచుకోలేదు. లేచేటప్పుడు, "ఇంకేం శెట్టీ?" నేను, "ఏముంది సార్." ఒక క్షణం ఆగి, తల ఊపి వెళ్ళేవారు. పోవడానికి ముందు చివరిసారి వచ్చినప్పుడు కూడా అదే మాట. ఇప్పుడు ఎవరు మెట్టు దిగినా నాకు ఆ గొంతే వినిపిస్తోంది. నిన్న ఒక ముసలాయన దగ్గుమందు తీసుకుని వెళ్తుంటే, ఆయన అడక్కుండానే "ఏముంది సార్" అన్నానట. పక్క అంగడివాడు చెప్పాడు.

బావ మాట విన్న నాలుగోరోజు డోన్ వెళ్ళాను. బావ బెల్లం తూస్తున్నాడు. ఉన్నవాళ్ళు వెళ్ళేదాకా ఆగి, మొదటినుంచి చివరిదాకా చెప్పాను. బావ చేతిలోని రాయి కింద పెట్టాడు.

"మీ అక్కకు తెలుసునా?"

"తెలీదు బావా."

"మిషన్ పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకుంటివే రా నువ్వు!"

త్రాసులోని బెల్లం తీసి పక్కన పెట్టాడు. "ఇంగ ఈ మెట్టు ఎక్కొద్దు సుబ్బయ్యా" అన్నాడు. నేను దిగాను. వీధి మలుపు దాకా వచ్చాక వెనకనుంచి పిలిచి, "ఆ మనిషి పేరేందిరా?" అని అడిగాడు. నాలుగేళ్ళు తిట్టాడు, పేరు తెలియదు. చెప్పాను. బావ ఆ పేరు మెల్లగా ఒకసారి పలికి లోపలికి వెళ్ళాడు.

ఆసుపత్రి కార్యాలయంలో జరిగినదంతా రాసి, సంతకం చేసి ఇచ్చాను. ఆ నర్సు తప్పు కూడా లేదని రాశాను. గుమాస్తా చదివి, "ఆయనే లేడంటాండారు గదా, ఇప్పుడెందుకు సార్ ఇది?" అన్నాడు. నేను కాగితాన్ని ఇంకొంచెం అతని వైపు జరిపాను. పాపం, అతనే ముద్ర వేసి తీసుకున్నాడు.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేముందు నిన్న లక్ష్మీదేవమ్మకు చదివి వినిపించాను. వైద్యుల గది ఘట్టం దగ్గర ఆమె చేయెత్తి ఆపింది. నన్ను ఏమన్నా సరే పడటానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె నన్ను చూడలేదు. ఆయన కూర్చునే కుర్చీ వైపు చూసింది.

"నేను ఆయన్ను అడిగినా అన్నా. నిజంగానే నువ్వు చెప్పినావా, కన్ను తప్పిందా నీకు అని. 'పని ఎక్కువైండెలే' అన్నాడు. అంతే. కూతురి పెండ్లిమాటలప్పుడు గూడా అనింటి, నీ తప్పుకు నా బిడ్డ తలొంచుకోవాల్నా అని. అన్నం ముందర కూర్చోపెట్టి అనింటి. తలొంచుకుని తిని లేచిపాయ." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకన్నా చెప్పకూడదా ఆ మనిషి?"

ఈ భాగం తీసేయమంటే తీసేస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఆడించింది.

"తీయొద్దు. ఇంకొకటి గూడా రాయన్నా. ఆయన భార్య గూడా ఆయనదే తప్పనుకునిందని రాయి."

రాశానమ్మా.

హుసేనప్ప సార్, మీ లేపనం ఇంకా గాజుపాత్రలోనే ఉంది. దాన్ని మనిషి దగ్గరికి చేర్చడానికి మీ విద్యార్థులున్నారు, వారికి దారి తెలుసు. తప్పు లేని మనిషిచేత మేము మోయించిన బరువు దించడానికి మాత్రం మీరు ఉండాలి. మీరు లేరు. చేతులు జోడించి నిలబడి ఉన్నాం, ఆమె, నేను.